థాంక్స్‌గివింగ్ భోజనం: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా దీపావళి అయిపోగానే నా ఫోన్‌కి ఇవే ప్రశ్నలు మొదలవుతాయి. కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు, ఆఫీసులో ఎవరో ఇంటికి భోజనానికి పిలిస్తే ఏం పట్టుకెళ్లాలో తెలియని కొత్త దంపతులు, ఆరు నెలలు ఉందామని వచ్చిన అమ్మానాన్నలు. న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్లుగా ఈ పండగ చేసుకుంటున్నాం. ఆ రోజు మా ఇంట్లో పాతిక మందికి తక్కువ ఉండరు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నాకూ తేలిక.

అసలు ఈ పండగ ఎప్పుడు వస్తుంది? ప్రతి ఏడాదీ తేదీ ఎందుకు మారుతుంది?

అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం. అంటే 22 నుంచి 28 లోపు ఏదో ఒక తేదీ. 2026లో 26న వస్తుంది. కెనడాలో మాత్రం అక్టోబర్ రెండో సోమవారమే చేసేస్తారు, కాబట్టి టొరంటోలో ఉన్న మీ బావగారికి నవంబర్‌లో శుభాకాంక్షలు పంపితే నవ్వుతారు.

తేదీ వెనక చిన్న కథ ఉంది. సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు దీన్ని దేశమంతటికీ ఒకే పండగగా చేయాలని ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. చివరికి 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, అబ్రహాం లింకన్ నవంబర్ ఆఖరి గురువారాన్ని ప్రకటించారు. 1939లో ఆ నెలకి ఐదు గురువారాలు వచ్చాయి. క్రిస్మస్ కొనుగోళ్లకి రోజులు సరిపోవని వ్యాపారులు గోల పెడితే అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ పండగని ఒక వారం ముందుకి జరిపారు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. ఒకే దేశంలో రెండు రోజుల పండగ! మన పంచాంగకర్తలు సంక్రాంతి 14నా 15నా అని వాదించుకున్నట్టే. 1941లో చట్టం చేసి నాలుగో గురువారం అని ఖాయం చేశాకే ఆ గొడవ తీరింది.

మన పండగ కాదు కదా, మనం ఎందుకు చేసుకోవాలి?

చేసి తీరాలని ఎవరూ అనరు. సెలవు దొరికింది, దుప్పటి కప్పుకుని పడుకున్నా తప్పు లేదు.

నాకు మాత్రం ఇది వనభోజనంలా అర్థమైంది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద చాపలు పరిచి, తలా ఒక గిన్నె తెచ్చి, పక్కింటి పులిహోర మన పులిహోర కంటే ఎందుకు బాగుందో మాట్లాడుకుంటూ తినడం గుర్తుందా? ఇదీ అంతే. చలికి చెట్టు కింద కూర్చోలేం, ఇంట్లో కూర్చుంటాం. కొత్త బట్టలు, కానుకలు, పెద్ద అలంకారాలు ఏమీ లేవు. ఉన్నదల్లా ఒక పెద్ద భోజనం, దాని చుట్టూ చేరే మనుషులు. ఈ దేశం వచ్చాక ఏ పరిచయమూ అక్కర్లేకుండా నాకు వెంటనే అర్థమైన పండగ ఇదొక్కటే.

ఇది క్రైస్తవుల పండగా? హిందువులు, ముస్లింలు చేసుకోవచ్చా?

దీని మూలాల్లో దేవుడికి కృతజ్ఞత చెప్పే క్రైస్తవ ఆచారం ఉంది, లింకన్ ప్రకటనలోనూ దేవుడి ప్రస్తావన ఉంది. ఇవాళ మాత్రం అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ చేసుకునే జాతీయ సెలవు ఇది. మా ఇంటికొచ్చే వాళ్లలో గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉంది, హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం ఉంది. ఈ విందులో ముఖ్యమైన వంటకం టర్కీ కోడి, వాళ్ల కోసం దాన్ని హలాల్‌ది తెస్తాం. ముందే చెప్పి పెట్టుకోవాలి, ఆఖరి వారంలో దొరకడం కష్టం.

అమెరికన్ల ఇంట్లో భోజనానికి ముందు చేతులు పట్టుకుని చిన్న ప్రార్థన చేయొచ్చు. మీకు ఇబ్బందిగా ఉంటే మౌనంగా నిలబడితే చాలు, ఎవరూ పట్టించుకోరు.

మొదటి థాంక్స్‌గివింగ్ గురించి స్కూల్లో చెప్పే కథ నిజమేనా? స్థానిక తెగల వాళ్లకి ఇది దుఃఖదినం అంటారు, మరి మనం సంబరం చేసుకోవడం సబబేనా?

ఈ ప్రశ్న మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో అడిగింది. వలస వచ్చినవాళ్లూ స్థానికులూ కలిసి హాయిగా విందు చేసుకున్నారని స్కూల్లో పిల్లలకి కాగితపు టోపీలు పెట్టి ఆడించే కథ ఉంది కదా, అప్పటిదాకా నేను కూడా అదే నిజమనుకున్నాను.

1620లో మేఫ్లవర్ అనే ఓడలో 102 మంది ఇంగ్లండ్ నుంచి బయల్దేరి, ఇప్పటి మసాచుసెట్స్ తీరంలో ప్లిమత్ దగ్గర దిగారు. మొదటి చలికాలంలోనే సగం మంది పోయారు. వాళ్లు ఊరు కట్టుకున్న చోటు ఖాళీ నేల కాదు. అంతకుముందు అక్కడ పటక్సెట్ అనే ఊరు ఉండేది. యూరప్ ఓడలతో పాటు వచ్చిన అంటువ్యాధి ఆ ఊరిని తుడిచిపెట్టేసింది. ఆ ఊరి మనిషి టిస్క్వాంటమ్‌ని 1614లో ఒక ఇంగ్లిష్ ఓడ కెప్టెన్ ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మాడు. అతను ఎలాగో బయటపడి, ఇంగ్లండ్ మీదుగా 1619లో ఇంటికొచ్చి చూస్తే ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు. ఆ మనిషే తర్వాత ఈ కొత్తవాళ్లకి మొక్కజొన్న ఎలా వేయాలో నేర్పాడు. కథలో నన్ను పట్టుకుని వదలనిది ఈ ముక్కే.

1621లో పంట చేతికొచ్చాక విందు జరిగిన మాట నిజం. ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన రాసిన ఉత్తరంలో ఉంది. అక్కడి స్థానిక జాతి వాంపనోగ్‌ల నాయకుడు మససోయిట్ దాదాపు తొంభై మందితో వచ్చాడు, మూడు రోజులు తిన్నారు. వాళ్లు ఐదు జింకలు వేటాడి తెచ్చారు. ఇప్పటి విందులో కనిపించే బంగాళాదుంప ముద్ద, గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకం, క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పండ్లతో చేసే తియ్యటి సాస్ ఆ బల్ల మీద లేవు. ఆ స్నేహం కూడా ఎంతో కాలం నిలవలేదు. 1675లో మససోయిట్ కొడుకు మెటాకామ్ కాలానికి రెండు పక్షాల మధ్య ఘోరమైన యుద్ధం జరిగింది, వాంపనోగ్ జాతి చితికిపోయింది.

అందుకే 1970 నుంచి ఏటా ఇదే గురువారం ప్లిమత్‌లో కోల్స్ హిల్ మీద స్థానిక జాతుల వాళ్లు చేరి జాతీయ సంతాప దినం పాటిస్తారు. మా ఇంట్లో భోజనం మానలేదు. కానీ భోజనాల ముందు పిల్లల్లో ఎవరో ఒకరు టిస్క్వాంటమ్ కథ చెప్పాలని పెట్టుకున్నాం. అది చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో పప్పు గిన్నె ఇటివ్వమంటారు.

మా మేనేజర్ వాళ్లింటికి పిలిచారు. ఎన్నింటికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి?

చాలామంది ఇళ్లలో భోజనం మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య ఉంటుంది. అది లంచ్ కాదు, డిన్నర్ అనే అంటారు, తికమక పడకండి. మూడింటికి రమ్మంటే మూడుకి వెళ్లండి. ముందు వెళ్తే వాళ్లు వంటింట్లో తలమునకలై ఉంటారు. మన లెక్కన నాలుగున్నరకి వెళ్తే కోడి చల్లారిపోతుంది, మీ కోసం ఆగినవాళ్లు ఆకలితో ఉంటారు.

పిలవగానే "నేనేం తీసుకురాను?" అని అడగండి. ఏమీ వద్దన్నా ఖాళీ చేతులతో వెళ్లకండి. పూలు, పళ్లు, బేకరీ నుంచి ఒక 'పై', ఏదైనా సరే. ఇంట్లో చేసింది పట్టుకెళ్తే ఇంకా సంతోషిస్తారు. కారం తగ్గించండి. జీడిపప్పు, వేరుశనగ వేస్తే ముందే చెప్పండి, ఇక్కడ ఆ ఎలర్జీలు ఉన్నవాళ్లు ఎక్కువ.

భోజనాల దగ్గర ఒక్కొక్కరూ ఈ ఏడాది దేనికి కృతజ్ఞతగా ఉన్నారో చెప్పమంటారు. ఇది చాలామందికి టెన్షన్. మనం నోటితో థాంక్స్ చెప్పుకునే జాతి కాదు కదా, అమ్మకి థాంక్స్ చెబితే "ఏమైందిరా నీకు" అంటుంది. రెండు వాక్యాలు చాలు. "ఇంటికి దూరంగా ఉన్నా ఈ రోజు ఒక ఇంట్లో కూర్చుని తింటున్నాను" అని మా తమ్ముడు మొదటి ఏడాది అన్నాడు. ఆ ఇంటావిడ ఇప్పటికీ వాడికి పుట్టినరోజు కార్డు పంపుతుంది.

నేను పూర్తి శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఆ బల్ల మీద నాకు ఏముంటుంది?

ఈ ప్రశ్నకి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూడటానికి శాకాహారంలా కనిపించేవే ఇక్కడ మోసం చేస్తాయి. పిలిచినవాళ్ల తప్పు కాదు. వాళ్ల దృష్టిలో మాంసం ముక్క లేకపోతే వెజిటేరియనే.

స్టఫింగ్ అంటే బ్రెడ్ ముక్కలు, ఉల్లిపాయ, సెలరీ కలిపి కాల్చేది. దాన్ని తడిపేది చాలాసార్లు చికెన్ బ్రాత్‌తో, అంటే కోడి ఉడికించిన నీళ్లతో. కోడి కడుపులో పెట్టి వండితే ఇక చెప్పక్కర్లేదు. గ్రేవీ కోడి నుంచి కారిన రసంతో చేస్తారు. అది బంగాళాదుంప ముద్ద మీద పోయకముందే మీది పెట్టించుకోండి. చిలగడదుంప వంటకం మీద మార్ష్‌మాలోలు అనే తెల్లటి మెత్తటి మిఠాయి కాల్చి వేస్తారు, వాటిలో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. బీన్స్ వంటకం, అదే గ్రీన్ బీన్ క్యాసరోల్, 1955లో కాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటగదిలో డోర్కస్ రైలీ అనే ఆవిడ తయారుచేసింది. డబ్బా పుట్టగొడుగుల సూప్, బీన్స్, పైన వేయించిన ఉల్లిపాయలు. కొందరు బేకన్, అంటే పంది మాంసం ముక్కలు చల్లుతారు, అడగాలి. గుమ్మడి 'పై'లో గుడ్లు ఉంటాయి, అడుగున పిండిలో కొన్నిసార్లు పంది కొవ్వు కలుపుతారు. క్రాన్‌బెర్రీ సాస్ పండ్లు, చక్కెర, నీళ్లు మాత్రమే. సలాడ్, మొక్కజొన్న, పళ్లు ఎలాగూ ఉంటాయి.

వెజిటేరియన్ అని మాత్రమే చెబితే సరిపోదు. మాంసం, చేప, గుడ్డు, ఎముకల రసం ఏవీ తినను అని ఒక వారం ముందే మెసేజ్ పెట్టండి. ఇంకా మంచి ఉపాయం, మీకు కడుపు నిండేంత వంటకం మీరే చేసి అందరికీ సరిపడా పట్టుకెళ్లడం. నిమ్మకాయ పులిహోర ఒక ట్రే తీసుకెళ్లి చూడండి, ముందు అదే ఖాళీ అవుతుంది. మెంతులు, ఇంగువ కలిపిన చింతపండు పులిహోర కొందరికి వాసన పడదు. నిమ్మకాయదైతే పేచీ లేదు.

కార్తీక మాసంలో వస్తుంది కదా, నాన్‌వెజ్ ఎలా తింటాం?

కొన్ని ఏళ్లు వస్తుంది, కొన్ని ఏళ్లు రాదు. 2023, 2024లో కార్తీకంలోనే వచ్చింది. 2025లో కార్తీకం నవంబర్ 20తో అయిపోయింది, పండగ 27న, కోడికి గండం. 2026లో మళ్లీ కార్తీకమే. మా ఇంట్లో అలాంటి ఏడాది రెండు బల్లలు వేస్తాం, గరిటెలు కలవకుండా. నిష్ఠగా ఉండేవాళ్ల వైపు వంట ముందే పూర్తిచేసి మూతలు పెట్టేస్తాం. మా అత్తగారు 2024లో ఇటు వైపు కూర్చుని అటు వైపు వాళ్లకి వడ్డించారు. అదేమిటత్తయ్యా అంటే, "తినకూడదు గానీ పెట్టకూడదని ఎక్కడుంది?" అన్నారు.

మన వంటల్లో ఏది చేసి తీసుకెళ్తే ఈ భోజనంతో కలుస్తుంది?

క్రాన్‌బెర్రీ పప్పు. రెండో ఆలోచన అక్కర్లేదు.

క్రాన్‌బెర్రీ ఇక్కడి నేల పంట, విస్కాన్సిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో బాగా పండుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తాజా పండ్లు 12 ఔన్సుల సంచుల్లో వస్తాయి. అమెరికన్లు దాన్ని చక్కెర పాకంలో ఉడికించి తింటారు. ఆ పులుపు మొదటిసారి నాలుకకి తగిలినప్పుడు ఏ తెలుగువాడికైనా పప్పే గుర్తొస్తుంది. మామిడికాయ, గోంగూర, చింతచిగురు వరసలో దాన్ని కూర్చోబెట్టేశారు మనవాళ్లు. ఎవరు మొదలుపెట్టారోగానీ, డాలస్ నుంచి బోస్టన్ దాకా తెలుగిళ్లలో ఇది మామూలు వంట అయిపోయింది.

కప్పు కందిపప్పుకి కప్పు నుంచి కప్పున్నర పండ్లు. పప్పుతో కలిపి కుక్కర్లో వేయకండి, పులుపుకి పప్పు సరిగా ఉడకదు. పప్పు విడిగా మెత్తగా ఉడికించాలి. మూకుడులో కొంచెం నూనె వేసి పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు, పండ్లు వేస్తే రెండు మూడు నిమిషాల్లో టప్ టప్‌మని పేలి మెత్తబడతాయి. అందులో పప్పు, ఉప్పు కలిపి ఒక ఉడుకు రానివ్వాలి. చింతపండు అక్కర్లేదు. పులుపు మరీ ఎక్కువైతే చిటికెడు బెల్లం. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకుతో పోపు. లేత ఎరుపు రంగులో వస్తుంది, చూడటానికే బాగుంటుంది. మా అమ్మ మొదటిసారి తిని "ఇది ఇక్కడి చింతకాయ" అంది. నాలుగు సంచులు ఫ్రీజర్లో పడేసుకుంటే ఉగాది దాకా వస్తాయి.

ఇదే పండుతో తొక్కు పచ్చడి కూడా పెడతారు, నూనెలో మగ్గించి కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపి. టర్కీ కోడి పక్కన ఆ పచ్చడి వేసుకుంటే తియ్యటి సాస్ వైపు మళ్లీ చూడరు. ఇది నా పక్షపాతం.

టర్కీ కోడి తప్పనిసరా?

కాదు. మామూలు కోడి పలావు చేసుకున్నా పోలీసులు రారు.

సరే, చేయాలనే ఉంది. మొదటిసారి టర్కీ ఎలా వండాలి?

నా మొదటి ఏడాది అనుభవం వినండి. బుధవారం సాయంత్రం పద్నాలుగు పౌండ్ల గడ్డకట్టిన కోడిని కొనుక్కొచ్చి, పొద్దున్నే ఓవెన్లో పెడదామని ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే రోకలి బండలా ఉంది. అతిథులు రెండింటికి వచ్చారు. పులిహోర, పప్పు, అప్పటికప్పుడు చేసిన కోడిగుడ్డు కూర తిన్నారు. టర్కీ రాత్రి పదింటికి బయటికొచ్చింది. అప్పటికి మిగిలింది మా ఆయన, నేను, ఒక స్టూడెంటు.

కాబట్టి మొదటి మాట, మంచు కరగడానికి రోజులు పడతాయి. ఫ్రిజ్‌లో ప్రతి నాలుగైదు పౌండ్లకి ఒక రోజు లెక్క. పద్నాలుగు పౌండ్ల కోడిని ఆదివారమే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి, అడుగున ట్రే పెట్టి. మర్చిపోతే సంచి విప్పకుండా చన్నీళ్లలో ముంచాలి, పౌండుకి అరగంట చొప్పున, ప్రతి అరగంటకీ నీళ్లు మారుస్తూ. వేడినీళ్లు వద్దు, గట్టు మీద వదిలేయొద్దు. మనిషికి పౌండు నుంచి పౌండున్నర కొంటే మర్నాటికి కూడా మిగులుతుంది.

కడుపులో చేయి పెట్టి చూడండి. మెడ, కార్జం, కందనకాయ ఒక పొట్లంలో కట్టి లోపల పెడతారు. అది తీయకుండా వండినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. కార్జం వేపుడు చేసుకోవచ్చు, పారేయకండి. కోడిని పంపు కింద కడగొద్దని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది, ఆ తుంపరలతో సింకంతా క్రిములు పాకుతాయట. కడగకుండా వండటం మన చేతులకి రాదు, నాకు తెలుసు. తడి కాగితంతో తుడిచి మనసు చిక్కబట్టుకోండి.

ముందురోజు రాత్రి ఉప్పు పట్టించండి. పొద్దున వెన్నలో అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, గరం మసాలా కలిపి, రొమ్ము మీద చర్మం కింద చేయి దూర్చి మాంసానికే రాయండి. చర్మం పైన రాసిన మసాలా మాడిపోతుంది, లోపలికి దిగదు. 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పద్నాలుగు పౌండ్లకి నాలుగు గంటలకి కాస్త అటూ ఇటూ. పైన రంగు త్వరగా వస్తే ఫాయిల్ కప్పండి. ఉడికిందో లేదో కంటితో చెప్పలేం. తొడ లోపల, రొమ్ము దళసరి భాగంలో థర్మామీటర్ గుచ్చితే 165 డిగ్రీలు చూపించాలి. తీశాక ఇరవై నిమిషాలు ఆగి కోయండి.

మాంసం చప్పగా, పొడిగా ఉంటుందని మనవాళ్ల ఫిర్యాదు. నిజమే, నాటుకోడి తిన్న నాలుకకి అంతే. కాళ్లు మాత్రం పులుసుకి బాగుంటాయి.

ఆ కోడికి టర్కీ దేశం పేరెందుకు?

పక్షి పుట్టినిల్లు ఉత్తర అమెరికా. టర్కీ వ్యాపారుల ద్వారా యూరప్‌కి వచ్చే వేరే కోడితో ఇంగ్లిష్ వాళ్లు దీన్ని కలిపేసుకున్నారు. తమాషా ఏమిటంటే టర్కీ భాషలో దీని పేరు హిందీ, అంటే ఇండియాది! ఎవరూ తమదని ఒప్పుకోని పక్షి. అలాగే మనం అచ్చంగా మనవే అనుకునే మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. ఎండుమిర్చి పోపు పట్టుకుని ఈ విందుకి వెళ్లడం అంటే దాన్ని పుట్టింటికి తీసుకెళ్లడమే.

పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది, అందరి ముందూ పరువు పోతుంది. ఏం చేయాలి?

ఎగ్జాస్ట్ ఫ్యాన్, కిటికీ, మూత. పోపు అతిథులు రాకముందే. నవ్వులాట పక్కన పెడితే, అమెరికా ఇళ్లలో వంట వల్ల మంటలు రేగేది అన్ని రోజుల కంటే ఈ రోజే ఎక్కువ. మంచు కరగని టర్కీని కాగే నూనెలో దించడం మరీ ప్రమాదం. ఆ వీడియోలు చూసి ఉత్సాహపడకండి.

అమ్మానాన్నలు వచ్చారు. వాళ్లకి ఆ రోజు ఏం తోస్తుంది?

పొద్దున టీవీలో న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద దుకాణం వాళ్లు జరిపే ఊరేగింపు వస్తుంది, 1924లో మొదలైంది. మేడంత బెలూన్లు. మా మామగారు కాఫీ గ్లాసు దించకుండా చూస్తారు. తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్, అది వాళ్లకీ నాకూ అర్థం కాదు. అమ్మలకి వంటింట్లో ఒక పని ఇవ్వండి. కుర్చీలో కూర్చోబెట్టి రెస్ట్ తీసుకోమంటే వాళ్లకి అదే పెద్ద శిక్ష.

ప్రయాణం, షాపింగ్ సంగతి?

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఇక్కడ బుధవారం నాడు కదలనిది లేదు. విమానాలు, రోడ్లు కిటకిట. వీలైతే మంగళవారం రాత్రి లేదా గురువారం పొద్దున బయల్దేరండి. గురువారం వాల్‌మార్ట్, టార్గెట్ లాంటి పెద్ద దుకాణాలు మూసేస్తారు, కొత్తిమీర బుధవారమే తెచ్చుకోండి.

మిగిలిపోయిన వంటలు ఎన్నాళ్లు ఉంటాయి?

వండినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. కబుర్లలో పడి ఇది మర్చిపోతారు. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, లేదా ఫ్రీజ్ చేయాలి. శుక్రవారం టర్కీని సన్నగా చీల్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, మిరియాల పొడితో వేపుడు చేయండి. గురువారం మూతి ముడుచుకున్నవాళ్లు కూడా ఇది అడిగి వేయించుకుంటారు. ఎముకలు ఉడికించిన నీళ్లతో పలావు వండితే ఇంకా రుచి.

ఇంటికి కట్టిచ్చిన డబ్బాలు తిరిగి ఇవ్వాలా?

పెరుగు డబ్బాలైతే అక్కర్లేదు. మూతలున్న గాజువైతే ఇవ్వాలి. నిరుటివి మా అల్మారాలో మూడున్నాయి, ఒకదానికి నీలం మూత. ఎవరివో 26న వచ్చినప్పుడు చూసి పట్టుకెళ్లండి.